చెక్కనేల మీద పాట

పోయిన వారం పెద్దపాప స్కూలు బయట కార్లో కూర్చుని, బెల్లు కోసం ఎదురుచూస్తూ రేడియో తిప్పుతుంటే ఒక గొంతు వినిపించింది. తెలిసిన గొంతే. చాలా ఏళ్ళుగా చూడని బంధువు హఠాత్తుగా గుమ్మంలో నిలబడితే ముఖం పోలుస్తాం గానీ పేరు వెంటనే నోటికి రాదు చూడండి, అలా కాసేపు తడబడి, పాట సగానికి వచ్చాక గుర్తుపట్టాను. మా ఇంట్లో ఒకప్పుడు రోజూ మోగిన మనిషే. కానీ అప్పటి హోరు లేదు. వెనక డ్రమ్స్ లేవు, కరెంటు గిటార్లు లేవు, కేకలు లేవు. ఒక్క చెక్క గిటారు, ఒక్క మనిషి, చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా వినపడేంత నిదానం. వయసు మళ్ళిన మనిషి ఒంటరిగా కూర్చుని తనతో తాను మాట్లాడుకుంటున్నట్టు, ఊళ్ళు పట్టుకు తిరుగుతూ ఇంట్లోవాళ్ళని మరిచిపోయిన రోజుల గురించీ, చెప్పవలసినప్పుడు చెప్పని మాటల గురించీ పాడుతున్నాడు. పాట అయ్యాక రేడియో ఆయన చెప్పాడు, ఇది చాలా కాలానికి వచ్చిన కొత్త ఆల్బమ్ అనీ, మొదటి నుంచి చివరిదాకా ఇలాగే ఉంటుందనీ.

ఇలాగే, అంటే డ్రమ్స్ లేకుండా. నా చెవిలో ఆ ఒక్క ముక్కే నిలిచిపోయింది. సాయంత్రం మావారు ఇంటికి రాగానే ఆ రికార్డు కొనుక్కురమ్మన్నాను. ఆయన కోటు విప్పుతున్నవారల్లా ఆగి నావంక చూశారు. నాలుగేళ్ళుగా మా ఇంట్లో ఆ గాయకుడి ఊసు ఎత్తడం లేదు. ఎందుకని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

మీకు చెబుతాను. నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది ఎనిమిదేళ్ళది, దానికి చెవులు వినపడవు. చిన్నదానికి ఇప్పుడు తొమ్మిదో నెల. చిన్నదానికి వినపడుతోందో లేదో చూసుకోవడానికి నాకు నేలని కదిలించని పాట ఒకటి కావలసి వచ్చింది. ఈ మాట అర్థం కావాలంటే పదేళ్ళు వెనక్కి వెళ్ళాలి. పిల్లలిద్దరూ నిద్రపోయారు. నా ఈడువాళ్ళు, నాలాగే పెళ్ళయిన కొత్తలో పెట్టె సర్దుకుని ఈ దేశం వచ్చినవాళ్ళు చదువుతారనే ధైర్యంతో రాస్తున్నాను. మీలో కొందరైనా నేను చేసిన పనే చేసి ఉంటారు. మీ అదృష్టం బాగుండి మీకేమీ కాలేదు, అంతే తేడా.

డెబ్బై ఎనిమిది చివర్లో నేను డిట్రాయిట్‌లో దిగాను. గుంటూరులో బీయస్సీ చదివిన పిల్లని. అక్కడికి కాస్త దూరంలో నోవై అనే ఊళ్ళో మా అపార్ట్‌మెంట్, మేడ మీద వాటా. ఈ దేశంలో ఇళ్ళు చెక్కతో కడతారని నాకు అప్పటిదాకా తెలియదు. అడుగు తీసి అడుగు వేస్తే నేల మూలిగేది, కింద వాటావాళ్ళు తలుపు గట్టిగా వేస్తే మా వంటింట్లో గ్లాసులు గలగలలాడేవి. మొదటి చలికాలమంతా నేను ఆ గ్లాసుల చప్పుడు వింటూనే గడిపానేమో అనిపిస్తుంది. బయట మోకాలి లోతు మంచు, నాకు కారు నడపడం రాదు, పలకరిద్దామంటే మనిషి లేదు. నేను అసలే వాగుడుకాయని. పుట్టింట్లో నన్ను రేడియో అనేవారు, కట్టెయ్యడానికి మీట లేని రేడియో అని మా అన్నయ్య ఏడిపించేవాడు. అలాంటిదాన్ని పొద్దున మావారు వెళ్ళినప్పటి నుంచి సాయంత్రం తిరిగి వచ్చేదాకా నోరు కట్టేసుకుని ఉండలేక, పొయ్యి మీద ఉడుకుతున్న పప్పుతోనూ, కిటికీ అవతల కొమ్మ మీది ఉడతతోనూ మాట్లాడేదాన్ని. తెలుగులోనే. ఉడత శ్రద్ధగా వినేది.

మావారి ఉద్యోగం కార్ల కంపెనీలో. ఉద్యోగం ఏమిటని మావాళ్ళు ఉత్తరాల్లో అడిగితే ఏం రాయాలో తెలిసేది కాదు. ఆయన పని కుదుపులు కొలవడం. కారు గతుకుల మీద పోతుంటే సీటు ఎంత అదురుతుంది, స్టీరింగు ఎంత వణుకుతుంది, ఆ అదురు చక్రం దగ్గర బయలుదేరి మనిషి వెన్నుదాకా ఏ దారిన వస్తుంది, మధ్యలో ఏం పెడితే ఆగుతుంది, ఇదీ ఆయన చదువు. "అంతా అదురేనోయ్, చెవిలో పడితే చప్పుడంటాం, ఒంటికి తగిలితే కుదుపంటాం" అని అన్నం తింటూ పాఠం చెప్పేవారు. నేను మజ్జిగ పోస్తూ సరే సరే అనేదాన్ని.

ఆ మొదటి ఏడాది ఆయన్ని ఆఫీసుకి తీసుకెళ్ళి తీసుకొచ్చేది ఆయనతో పనిచేసే ఒక అమెరికన్ పెద్దాయన. దక్షిణాది రాష్ట్రాల మనిషి, రేపోమాపో రిటైరయ్యేవాడు. ఆయన ట్రక్కులో పోనూ రానూ మోగేవి ఈ గాయకుడి పాటలు. పల్లెటూరి పాటకి పట్నం హోరు తొడిగినట్టు ఉండేవి. హైవేలూ, విరిగిన మనసులూ, మిషను కొట్టినట్టు డ్రమ్స్. కచేరీలు వింటూ పెరిగిన మా బక్కపలచటి మనిషి ఆ హోరులో ఎలా పడిపోయారో నాకిప్పటికీ అర్థం కాదు. చలికాలం ముగిసేసరికి స్నానాలగదిలో ఆయన ఆ పాటలే పాడేవారు, మన యాసలో, సగం మాటలు మింగేసి. పెద్దాయన రిటైరై సొంతూరు వెళ్ళిపోతూ, సామాను తగ్గించుకోవడానికి తన స్టీరియో, నా నడుము ఎత్తున్న రెండు చెక్క స్పీకర్లూ మాకిచ్చేశాడు. మేడ మెట్ల మీదుగా వాటిని ఎక్కించలేక ఇద్దరు మగవాళ్ళూ రొప్పుతుంటే నేను కాఫీ కలిపాను. వెళ్ళేముందు ఆయన స్పీకరు మీద చెయ్యి తట్టి, ఇవి ఉన్నంతకాలం మీ ఇల్లు ఖాళీగా అనిపించదమ్మా అన్న అర్థం వచ్చేలా ఏదో అన్నాడు. ఆయన యాసలో నాకు సగమే తెలిసింది. ఆ సగమే ఇన్నేళ్ళుగా నా వెంట ఉంది.

ఆ పాటలు మొదట నాకు తలనొప్పి తెప్పించినా, రాను రాను అలవాటైపోయాయి. డ్రమ్స్ ఊపుకి తగ్గట్టు కూర తరిగేదాన్ని. ఎనభైలో పాప పుట్టింది. ఉడతకి విముక్తి కలిగింది. పొద్దున లేచింది మొదలు ఆ పసిగుడ్డుతో ఒకటే మాటలు. నూనె రాస్తూ, లాల పోస్తూ, సాంబ్రాణి లేని ఊళ్ళో జుట్టు ఆరబెడుతూ, ఉగ్గు పెడుతూ, నువ్వెవరి బంగారానివి, ఈ ముక్కెవరి ముక్కు, ఈ బుగ్గ ఎవరు కొరికారు అంటూ, అర్థం పర్థం లేని, అంతూ పొంతూ లేని వాగుడు. ఈ వాగుడు మనవాళ్ళెవరికీ ఎవరూ నేర్పరు, పిల్ల ఒళ్ళోకి రాగానే అమ్మమ్మల నోటి నుంచి మన నోటికి దానంతటదే దిగివస్తుంది. పాప నా పెదాలవంకే చూసేది. ఎంత శ్రద్ధగా చూస్తోందో అని మురిసిపోయేదాన్ని.

పాటంటే దానికి ప్రాణం. నడక వచ్చీ రాగానే, రికార్డు మీద సూది ఆనిందంటే చాలు, పడకగదిలో ఉన్నా, మంచం కింద దూరి ఉన్నా, పరుగెత్తుకొచ్చి స్పీకరుని రెండు చేతులా కావలించుకుని మోకాళ్ళు ఆడిస్తూ గంతులు వేసేది. శనాదివారాల్లో ఇంటికి వచ్చిన తెలుగువాళ్ళందరికీ మేము చూపించే వినోదం అదే. ఏదీ, మీ పాప డాన్స్ చూపించండి అనేవారు. మావారు సూది పెట్టేవారు. లోపలి గదిలోంచి చిన్న పాదాల చప్పుడు మొదలయ్యేది. అందరూ చప్పట్లు.

మాటలు మాత్రం రాలేదు. రెండేళ్ళు దాటాక కూడా అమ్మ, బువ్వ, తాత, ఇంకో నాలుగైదు, అవీ అరకొరగా. మా చుట్టుపక్కల తెలుగువాళ్ళలో పదేళ్ళ ముందే వచ్చి స్థిరపడ్డ ఒక డాక్టరుగారి భార్య ఉండేది. మేమంతా ఆవిణ్ణి అక్కయ్య అనేవాళ్ళం. కొత్తగా వచ్చిన ప్రతి ఆడపిల్లకీ చలికోటు ఎక్కడ కొనాలో, పెరుగుకి తోడు ఎలా పెట్టాలో, పురుటికి ఏ హాస్పిటల్‌కి వెళ్ళాలో చెప్పింది ఆవిడే. నా పురుటికి పదిరోజులు వండిపెట్టింది. ఒక ఆదివారం ఆవిడ ఇంట్లో భోజనాలు అవుతుండగా, ప్లేటు పట్టుకుని నా పక్కన కూర్చుని పాపని కాసేపు గమనించింది.

"ఏమ్మా, ఇంట్లో తెలుగేనా?" అంది.

అవునన్నాను, కాస్త గొప్పగానే.

"అదే మరి. నువ్వేమో తెలుగు, టీవీ ఏమో ఇంగ్లీష్, పిల్ల కన్ఫ్యూజ్ అయిపోతోంది. మా పెద్దాడికీ ఇలాగే లేట్ అయితే మాట్లాడ్డం ఇంగ్లీష్‌కి స్విచ్ చేసేశాం. ఇప్పుడు చూడు, వాడి నోరు మూయించలేక చస్తున్నాం."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ మాట నిజమేనని ఇంకో ఇద్దరు తల ఊపారు. ఆ తరువాతి నెలలో పాపని చేర్పించిన ప్రీస్కూల్ టీచరు కూడా అచ్చం అదే చెప్పింది, ఎంతో మర్యాదగా, మోకాళ్ళ మీద కూర్చుని పాప ఎత్తుకి వంగి మరీ. ఇంట్లో ఒకే భాష ఉంటే మంచిదట, అది ఇంగ్లీషయితే ఇంకా మంచిదట. పిల్లల డాక్టరు వెనకనుంచి గట్టిగా చప్పట్లు కొట్టి చూశాడు, పాప తిరిగి చూసింది, ఏం భయం లేదన్నాడు.

నాకు మాత్రం ఒకసారి అనుమానం వచ్చింది. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు పాప నాకు వీపు తిప్పి కూర్చుని ఆడుకుంటుంటే మెల్లిగా పిలిచాను. పలకలేదు. ఇంకోసారి పిలిచాను. పలకలేదు. ఆ సాయంత్రం మావారితో, దీనికి సరిగ్గా వినపడుతోందంటారా అన్నాను. ఆయన లేచి రికార్డు పెట్టారు. లోపలి గదిలోంచి పాదాల చప్పుడు వచ్చింది. "చూశావా? నీకన్నా దాని చెవులే చురుకు" అన్నారు. నవ్వాను. ఇద్దరం నవ్వాం. ఎంత హాయిగా నవ్వామో నాకు బాగా గుర్తు. ఇంకెప్పుడూ అడగలేదు.

అలా మా ఇంట్లో ఇంగ్లీష్ మొదలైంది. నా ఇంగ్లీష్ సంగతి మీకు చెప్పాలి. కాలేజీలో ఫస్ట్ క్లాస్ తెచ్చిన ఇంగ్లీష్. ఆకులో పిండిపదార్థం ఎలా తయారవుతుందో నాలుగు పేజీలు తప్పుల్లేకుండా రాయగలను. కానీ పసిపిల్లకి స్నానం చేయించే ఇంగ్లీష్ నా దగ్గర లేదు. బుగ్గ కొరికే ఇంగ్లీష్ లేదు. సబ్బు కళ్ళల్లో పడుతుంది తల్లీ, ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం మూసుకో, అదిగో అయిపోయింది, అదిగో చందమామలా ఉంది నా తల్లి అని తెలుగులో ధారగా సాగేది, ఇంగ్లీష్‌లోకి వచ్చేసరికి క్లోజ్ యువర్ ఐస్ దగ్గర ఆగిపోయేది. తరువాత ఏమనాలో వెతుక్కునేలోపు స్నానం అయిపోయేది. నీళ్ళ చప్పుడే మిగిలేది. అన్నం పెడుతూ ఈట్ అనేదాన్ని, పడుకోబెడుతూ స్లీప్ అనేదాన్ని. తప్పు మాట నేర్పేస్తానేమో, నా యాస అంటుకుంటుందేమో అని ప్రతి మాటకీ భయం. తెలుగులో వెయ్యి మాటలు మాట్లాడేచోట ఇంగ్లీష్‌లో పది మాట్లాడేదాన్ని. మీట లేని రేడియోని నేనే కట్టేశాను.

ఇందులో మేమెంత నిష్ఠగా ఉన్నామో చెబితే మీరు నమ్మరు. మావారూ నేనూ తెలుగులో మాట్లాడుకోవలసి వస్తే పడకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాళ్ళం. పోట్లాట తెలుగులో తప్ప రాదు కనుక, కోపం వస్తే పాప పడుకునేదాకా ఆపుకునేవాళ్ళం. ఊరి నుంచి ఫోన్ వస్తే తీగ సాగినంత దూరం లాక్కుపోయి బట్టల అలమరలో నిలబడి మాట్లాడేదాన్ని. పిల్లకి చెడ్డమాటలు వినపడకుండా దాచుకున్నట్టు, మా భాషని దాచుకున్నాం. పాప ఒకటి రెండుసార్లు బువ్వ అంటే, నో, రైస్ అని దిద్దాను. కొన్నాళ్ళకి ఆ మాట మానేసింది. అమ్మ అనే మాటా మానేసింది. మమ్మీ అనడం మొదలుపెట్టింది. పని చేస్తోందని అక్కయ్యకి ఫోన్ చేసి సంతోషంగా చెప్పాను.

ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటోందని, పగలంతా ఆ గాయకుడి రికార్డులు మోగనిచ్చేదాన్ని. ఇంగ్లీష్ పాటలే కదా, నాలుగు మాటలు చెవిలో పడతాయనుకున్నాను. నేను మాట్లాడవలసిన రెండేళ్ళు ఆయన పాడాడు.

పాపకి నాలుగున్నరేళ్ళప్పుడు మేము ఇల్లు కొనుక్కుని మారాం. కొత్త ఇంట్లో కింద బేస్‌మెంట్ ఉండేది, సిమెంటు నేల, దాని మీద పలచటి కార్పెట్. సరంజామా అంతా అక్కడికే చేర్చి, మావారు ముచ్చటగా మొదటి ఆదివారం సూది పెట్టారు. పాప అక్కడే, స్పీకర్లకి వీపు తిప్పి, నేల మీద బోర్లా పడుకుని రంగులు వేసుకుంటోంది. పాట మొదలైంది. పాప కదలలేదు. ఆయన వాల్యూమ్ పెంచారు. నా గుండెల్లో అదిరేంత పెంచారు. పాప ఎర్ర రంగు పెట్టెలో పెట్టేసి నీలం రంగు తీసుకుంది.

పాత ఇల్లు వదిలి వచ్చామని అలిగిందేమోనన్నాను. ఆయన వంగి అరచెయ్యి నేలకి ఆనించి కొంతసేపు ఉంచారు. ఆఫీసులో ఆయన రోజంతా చేసే పని అదేనని నాకు అప్పుడు గుర్తు రాలేదు. ముఖం మాత్రం మారిపోవడం చూశాను. ఒక స్పీకరుని మెట్టు మెట్టుకీ ఆనించుకుంటూ పైకెక్కించి, పై హాల్లో చెక్కనేల మీద పెట్టి, వైర్లు లాగి, అదే పాట వేశారు. వంటింట్లో బిస్కెట్ తింటున్న పాప పరుగెత్తుకొచ్చింది, గంతులు మొదలుపెట్టింది. అమ్మయ్య అనుకున్నాను. అప్పుడాయన మా అమ్మ పాత చీరలతో కుట్టి పంపిన బొంత తెచ్చి, నాలుగు మడతలు వేసి, స్పీకరు ఒక పక్క ఎత్తి కిందకి తోశారు. పాట మోగుతూనే ఉంది. అంతే గట్టిగా మోగుతోంది. పాప ఆగిపోయింది. నేలకేసి చూసుకుంది. తరువాత మా ఇద్దరికేసి చూసింది, ఎందుకు కట్టేశారన్నట్టు.

ఆయన మెట్ల మీద కూర్చుండిపోయారు. మనిషికి అదురు ఎటునుంచి వస్తుందో కొలవడమే జీవనంగా పెట్టుకున్న మనిషి, మేడ మీది ఆ చెక్కనేల మా పాప కాళ్ళకి ఏం చెబుతోందో నాలుగేళ్ళు పోల్చుకోలేకపోయారు. ఆ మాట ఆయన ఇప్పటిదాకా పైకి అనలేదు. ఆ మరునాటి నుంచి స్నానాలగదిలో పాడటం మానేశారు.

పాపకి వినికిడి పరీక్షలు చేసిన ఆవిడ చాలా మంచి మనిషి. పుట్టినప్పుడు కొంత వినికిడి ఉండి ఉంటుందనీ, అది ఏటేటా తరిగిపోతూ వచ్చిందనీ, ఇంకా తరుగుతుందనీ బొమ్మ గీసి చెప్పింది. డ్రమ్స్ లాంటి బరువైన చప్పుళ్ళు కొంత చెవికీ, కొంత కాళ్ళకీ తెలిసి ఉంటాయి, డాక్టరు చప్పట్లు కూడా అంతే, మాటలే సరిగ్గా అందలేదు అంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగింది. నిష్ఠగా పాటించిన పథ్యం గురించి చెప్పినట్టు, రెండేళ్ళ పైనుంచీ ఇంగ్లీష్ తప్ప మరోటి లేదన్నాను. ఆవిడ చేతిలో పెన్ను కింద పెట్టింది. తరువాత మెల్లిగా అంది, రెండు భాషల వల్ల ఏ పిల్లకీ ఇలా కాదు; రెండేళ్ళప్పుడు, మూడేళ్ళప్పుడు, ఒళ్ళో కూర్చోబెట్టుకుని దగ్గరగా మాట్లాడితే చాలా మాటలు దానికి అంది ఉండేవి; తల్లికి ఏ భాష ధారగా వస్తే ఆ భాష, ఎంత ఎక్కువ మాట్లాడితే అంత మంచిది. నన్ను తప్పు పట్టడానికి అన్న మాట కాదది, నేను అడిగాను కనుక చెప్పింది. కానీ ఇంటికి వచ్చేదాకా కార్లో నేను లెక్కపెట్టుకున్నది ఒక్కటే, ఎన్ని స్నానాలు, ఎన్ని అన్నం ముద్దలు, ఎన్ని జడలు.

ఆ రాత్రి నుంచి నేను మళ్ళీ తెలుగు మొదలుపెట్టాను. పాపని ఒళ్ళో అదిమిపట్టుకుని, చెవికి నోరు ఆనించి, బంగారం అనీ బుజ్జి అనీ, రెండేళ్ళ బాకీ అంతా ఒక్కసారి పోసేద్దామన్నట్టు. పాపకి అది ఊపిరి గాలి మాత్రమే. చక్కిలిగింతలు పెడుతున్నాననుకుని మెలికలు తిరిగి నవ్వింది. చెవికి మిషన్లు పెట్టాక కొన్నాళ్ళు కొంత అందింది, తరువాత అదీ పోయింది. ఇప్పుడు వెళ్ళే స్కూల్లో పెదాలు చూసి మాట పోల్చుకోవడం, చేతులతో మాట్లాడటం నేర్పుతారు, అంతా ఇంగ్లీష్‌లో. ఇంట్లో ఒకే భాష మాట్లాడమని మళ్ళీ చెప్పారు. ఈసారి వాళ్ళు చెప్పింది నిజమే కావచ్చు. నిజమో కాదో తేల్చుకునే శక్తి నాలో లేదు, సరేనన్నాను.

అక్కయ్య వచ్చి నా చేతులు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఎవరో ఆవిడకి చెప్పారు, ఆవిడ నాకు చెప్పింది, నేను ఇంకో ఇద్దరికి చెప్పాను కూడా. ఎందుకంత సులువుగా నమ్మేశామని మాత్రం ఆలోచిస్తూ ఉంటాను. పిల్లలో ఏదో లోపం ఉందంటే, అది మన నోటి నుంచే వచ్చి ఉంటుందని మనకి మనమే ముందు ఒప్పేసుకున్నాం. మన మాట పిల్లకి అడ్డమని ఎవరో అనగానే, అవునవును అని పక్కకి తీసిపెట్టాం. అంత తొందరగా ఇంకే మాటా వినలేదు మనం.

ఇక మొన్నటి సంగతి. మావారు కొత్త రికార్డు తెచ్చి బల్ల మీద పెట్టారు. అట్ట మీద ఆ గాయకుడు తల నెరిసి, ఒళ్ళో గిటారు పెట్టుకుని, తన చేతులవంక తను చూసుకుంటున్నాడు. ఆదివారం పొద్దున, హాల్లో నాలుగేళ్ళుగా పూలకుండీలు మోస్తున్న స్పీకర్లని తుడిచాను. ఆ పాటలో నేలని కదిలించేది ఏదీ లేదని తెలిసినా, నమ్మకం చాలక, మా అమ్మ బొంత మడత పెట్టి కింద వేశాను. చిన్నదాన్ని స్పీకర్లకి వీపు ఉండేలా దుప్పటి మీద కూర్చోబెట్టి, ముందు ప్లాస్టిక్ గిన్నెలు పడేశాను. వాల్యూమ్ బాగా తగ్గించి సూది పెట్టాను.

ఒక్క తీగ మోగింది. చిన్నది గిన్నె కొట్టడం ఆపింది. తల తిప్పి, స్పీకరు ఎక్కడుందో సరిగ్గా అక్కడికే చూసింది. సూది తీసి, పిల్లని ఇటు తిప్పి మళ్ళీ పెట్టాను. మళ్ళీ తిరిగింది. పాడుతున్న ఆయన ఊపిరి తీసుకుంటే, అదీ వింటున్నట్టు నోరు తెరిచింది.

నాకు సంతోషం కలగాలి. కలగబోయింది కూడా. కానీ ఆ పరీక్షలావిడ చెప్పిన మాట నాకు కంఠతా వచ్చు. ఈ వయసులో పెద్దదానికీ ఇలాగే వినపడి ఉండవచ్చట. చిన్నదాని విషయం నాలుగైదేళ్ళు వచ్చేదాకా ఎవరూ చెప్పలేరట. అంటే ఈ రోజు తిరిగిన తల రేపూ తిరుగుతుందా అని, నేను ప్రతిరోజూ, ఇంకా ఎన్నో ఏళ్ళు, పిల్ల వెనక నిలబడి పిలుస్తూ ఉండాలి.

పెద్దపాప మెట్ల మీద కూర్చుని ఇదంతా చూస్తోందని నేను గమనించలేదు. చెల్లెలు దేనివంక తిరిగిందో తనకి తెలియాలి. దిగి వచ్చి స్పీకరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పాత అలవాటుగా రెండు అరచేతులూ ఆనించింది. కొంచెం పైకి జరిపింది, కొంచెం కిందకి జరిపింది. చెంప కూడా ఆనించి, కళ్ళు మూసుకుని, చాలాసేపు ఓపికగా ఉంది. లోపల ఆ ముసలాయన తన జీవితంలో చెప్పని మాటలన్నీ ఒక్కొక్కటే చెప్పుకుంటూనే ఉన్నాడు. పాప కళ్ళు తెరిచి నావైపు తిరిగింది.

"ఇట్స్ ఎంప్టీ, మమ్మీ" అంది, ముక్కుతో పలికే తన గొంతుతో.

చెల్లెలి ముఖం తన రెండు చేతుల్లోకి తీసుకుని, పెదాలు స్పష్టంగా కదిలిస్తూ దానికీ చెప్పింది, ఎంప్టీ అని, పాపం మోసపోవద్దన్నట్టు. చిన్నది అక్క గొంతు విని నవ్వింది.

నేను అవునని తల ఊపాను.

ఆ తరువాత నేను చేసిన పని మంచిదో కాదో నాకు తెలియదు. కొత్త రికార్డు తీసేసి, అలమర అడుగునుంచి పాతది ఒకటి వెతికి తీశాను. స్పీకర్ల కింద నుంచి బొంత లాగేశాను. డ్రమ్స్ మొదలు కాగానే పెద్దది ఎగిరి గంతేసింది. గరాజులో ఏదో చేసుకుంటున్న మావారు ఆ హోరు విని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, లోపలికి రాలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల, రెండేళ్ళప్పటిలాగే స్పీకరుని కావలించుకుని మోకాళ్ళు ఆడిస్తోంది.

ఆ గాయకుడికీ నాకూ పదేళ్ళలో వచ్చిన తేడా ఇంతే. ఆయన అప్పుడు చెప్పని మాటలు, గొంతు తగ్గించుకుని, ఆలస్యంగానైనా ఇప్పుడు చెప్పుకుంటున్నాడు, వినేవాళ్ళున్నారు. నా మాటలు నా దగ్గరే ఉన్నాయి, ఒక్కటీ మరిచిపోలేదు, వినవలసిన మనిషికి మాత్రం చెవి దారి మూసుకుపోయింది. కళ్ళు మూసుకున్నాను. కాళ్ళ కింద చెక్క అదురుతుంటే, చిన్న పాదాల చప్పుడు వినపడుతుంటే, పాప వింటోంది, పాపకి అన్నీ వినపడుతున్నాయి అని, ఆ పాట ఉన్నంతసేపు, పాత ఇంట్లోలాగే నమ్మేశాను. అప్పుడు తెలియక నమ్మాను. పాట అయిపోయి గది నిశ్శబ్దమయ్యాక, అంతా తెలిసి, లేచి వెళ్ళి సూదిని మళ్ళీ మొదటికి పెట్టాను.